మైకు ముందు మంచినీళ్లు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, మెడలో ఐడీ కార్డు వేలాడితే చాలు, ఏ ఇంటి తలుపైనా దానంతటదే తెరుచుకుంటుందని నమ్మేదాన్ని. ఇంటింటికీ తిరిగి నీళ్ల ఫిల్టర్లు అమ్మే ఉద్యోగం నాది. (ఇంట్లోవాళ్లు మాత్రం ‘కంపెనీలో ఆఫీసరు’ అని చెప్పుకునేవాళ్లు, నేనూ కాదనేదాన్ని కాదు.) ట్రైనింగు అయిపోవస్తున్నా ఒక్కటీ అమ్మలేదు. మండువేసవిలోనూ టై విప్పని మా టీమ్ లీడరు (మేం చాటుగా ‘టై మావ’ అనేవాళ్లం) ఆ సాయంత్రానికి ఒక్కటైనా అమ్మకపోతే రేపట్నుంచి రావద్దని తేల్చిచెప్పి, శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డున ఒక చేపలవాళ్ల ఊళ్లో నన్ను దించేసి వెళ్లిపోయాడు.

ఊరి మొదట్లోనే బోర్డు ఉంది: పంచాయతీ అనుమతి లేనిదే ఇంటింటి అమ్మకాలు నిషేధం. అంతకుముందు ఎవరో వచ్చి వెలగని గ్యాస్ పొయ్యిలు అంటగట్టి పోయారట. నేను దర్జాగా కంపెనీ కాగితం తీశాను. పంచాయతీ మైకు చూసుకునే పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేశాడు. ఆ ఊళ్లో అనుమతికి కాగితం పనికిరాదు. వచ్చినవాళ్లే మైకులో తమది ఏ ఊరో, ఎవరి తాలూకో, ఏం అమ్మడానికొచ్చారో ఊరందరికీ చెప్పుకోవాలి. విన్నవాళ్లకు నమ్మకం కుదిరితే వీధుల్లోకి రానిస్తారు.

మాది గజపతినగరమనీ, మా అమ్మ మిషను కుడుతుందనీ చెప్పాను. ఆ తర్వాత బట్టీపట్టిన ఉపన్యాసం అందుకున్నాను. నూతి నీళ్లలో కంటికి కనబడని క్రిములుంటాయనీ, వాటితో ఎన్ని రోగాలొస్తాయో తెలుసా అనీ ఊదరగొట్టేసరికి గొంతు ఆరిపోయి దగ్గు తెర పట్టుకుంది. అప్పుడే చేపలమ్ముకుని తిరిగొస్తున్న ఒక పెద్దమ్మ గంప దించి, ఇంట్లోంచి చెంబు తెచ్చింది.

“ఎండన పడొచ్చినావు. ముందు నీల్లు తాగే, అమ్మీ.”

గటగటా తాగేశాను. ఎలగున్నాయని అడిగింది.

“ఎంత బాగున్నాయో పెద్దమ్మా. మా ఊల్లో ఇలటి నీల్లు దొరకవు,” అన్నాను.

మైకు కట్టెయ్యలేదు. వీధులన్నీ ఒక్కసారి నవ్వాయి.

అనుమతి దొరికింది. సాయంత్రం దాకా తిరిగాను. ప్రతి ఇంట్లోనూ నవ్వుతూ గ్లాసుడు నూతి నీళ్లిచ్చారు గానీ, ఫిల్టరు మాత్రం ఎవరూ కొనలేదు. చివరికి పెద్దమ్మ ఇంట్లో చేపల పులుసు అన్నం తింటూ, నా ఉద్యోగం పోయినట్టేనని ఏడ్చేశాను. ఆవిడ మారు వడ్డించింది.

“అబద్దం ఆడ్డం నీకు సేతకాదని ఊరంతా ఇన్నాది. ఇంకెప్పుడొచ్చినా నీకు పర్మిసన్ అక్కర్నేదు.”

ఉద్యోగం మర్నాడే పోయింది. ఆ పర్మిషన్ మాత్రం ఇప్పటికీ చెల్లుతుందనే నా నమ్మకం.

ఇప్పుడు విజయనగరంలో మా అపార్ట్‌మెంటు సంఘానికి నేనే కార్యదర్శిని. అమ్మకాలవాళ్లు అనుమతి లేనిదే లోపలికి రాకూడదని గేటు దగ్గర బోర్డు పెట్టించిందీ నేనే. మొన్న వాచ్‌మన్ ఫోను చేశాడు. ఫిల్టర్లమ్మే పిల్ల ఒకతి వచ్చిందట, లెటరు లేదట, పంపించెయ్యనా అని. ఎవరి తాలూకు పిల్లో కనుక్కోమన్నాను. “అదేటి మేడమ్, అదెందుకు?” అన్నాడు. వాడికి చెప్పడం నా వల్ల కాక, గ్లాసుతో నీళ్లు పట్టుకుని నేనే కిందికి దిగాను. పాపం, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. ఆబగా తాగింది. నీళ్లెలా ఉన్నాయమ్మా అని అడిగాను.

“టెస్టు చేస్తేగానీ చెప్పలేం మేడమ్,” అంది.

ఈ పిల్ల ఉద్యోగానికి ఢోకా లేదనుకుని, వాచ్‌మన్‌ని పంపించెయ్యమన్నాను. మెట్లెక్కుతుంటే, మైకు ముందు చెంబెత్తి తాగిన ఆ ఇంకో పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. దాన్ని నేనైనా ఉద్యోగంలో ఉంచేదాన్ని కాదు. కానీ మా గేటు దగ్గర మాత్రం దాన్ని ఎవరూ ఆపకుండా చూసేదాన్ని.