గుండ్లూట నీళ్లు

వీరరాఘవమ్మ వండిన పప్పు తిన్నవాడు మళ్లీ ఇంకొకరి పప్పు మెచ్చుకోడు. గురజాల చుట్టుపక్కల పెళ్లయినా, గృహప్రవేశమైనా, పెద్దకర్మయినా గాడిపొయ్యి దగ్గర గరిటె ఆమె చేతిలోనే ఉండాలి. భర్త పోయాక ఆ గరిటే ఆమెకు అన్నం పెట్టింది. ఎవరైనా పొగిడితే మాత్రం మూతి తిప్పేది. "నాదేముంది, నీళ్లలో ఉంది" అనేది. ఎంత దూరం వంటకు పోయినా, ఊరి పక్క కొండ మొదట్లో ఉన్న గుండ్లూట నీళ్లు క్యాన్లలో పట్టుకుపోయేది. ఆ నీళ్లలో కందిపప్పు వెన్నలా కరిగేది.

ఆ ఊటను వెంకటకృష్ణ చంపాడు. మెత్తగా చెప్పడానికి ఇంకో మాట లేదు. ఆ ఊళ్లోనే పుట్టి పట్నం చేరిన మనిషి, సున్నపురాయి కోసం కొండ దిగువన పెద్ద గుంట తవ్వించాడు. గుంట లోతు పెరిగేకొద్దీ కొండలోని నీరంతా అటే దిగింది. దాన్ని మోటార్లతో తోడి వాగులోకి వదిలారు. ఊట ముందు సన్నబడింది, తర్వాత ఉత్త తడిగా మిగిలింది, చివరికి అదీ పోయింది. వాగు అడుగున తెల్లటి బురద గట్టిపడింది. గేదెలు మూతి పెట్టి చూసి వెనక్కి తిరిగేవి.

ఊరికి వాడకానికి ఆ గుంట నీళ్లే దిక్కయ్యాయి. వాటిలో సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. వీరరాఘవమ్మ చాటుగా వంటసోడా వేసి పరువు కాపాడుకుంటూ వచ్చింది. సోడా పడితే పప్పు మెత్తబడుతుంది గానీ రుచి చస్తుంది. వేసిన ప్రతిసారీ వెంకటకృష్ణ వంశాన్నంతా తిట్టుకునేది. చిన్నప్పుడు వాడు ఆ ఊట దగ్గర బోర్లా పడుకుని కడుపారా తాగడం ఆమె కళ్లారా చూసింది. ఆమెకు అన్నిటికన్నా మంట అదే.

ఆడవాళ్లంతా పోయి పంచాయతీ ఆఫీసు ముందు నిలదీస్తే వెంకటకృష్ణ నవ్వాడు.

"ఊట ఎండలకు ఎండిపోయింది గానీ నా వల్ల గాదత్తా. మా గుంట నీళ్లకేం, కొబ్బరినీళ్లు. పట్టుకుపోండి, ఎవురొద్దన్నారు?"

ఆ మాట ఆమె మనసులో దాచుకుంది.

కొన్నాళ్లకు వాగు అవతల రెండో గుంట తవ్వుతాడని తెలిసింది. అక్కడ ఇసుకలో చెలమ తీస్తే ఇంకా తియ్యటి నీళ్లు ఊరుతున్నాయి. ఊరికి తాగడానికి మిగిలింది అదొక్కటే. ఊరి అభిప్రాయం వినడానికి అధికారులు వస్తారన్నారు. ఆ రోజు మధ్యాహ్నం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ భోజనాలు పెట్టి, ఆ తిన్న నోళ్లతోనే సరే అనిపించాలని వెంకటకృష్ణ ఎత్తు. వీరరాఘవమ్మ వంటంటే జనం కదిలొస్తారని ఆమెనే పిలిపించాడు. ఊరి పెద్దల ముందు కూర్చోబెట్టి మాట్లాడాడు.

"సరుకులన్నీ వస్తాయత్తా. నీళ్లకు కాలవ నుంచి ట్యాంకర్ చెప్తా."

"ట్యాంకరెందుకు అబ్బాయ్, దండగ. నీ గుంట నీళ్లున్నయ్ గదా. కొబ్బరినీళ్లంటివి."

పెద్దలందరూ అతని మొహం వంక చూశారు. కాదంటే మొన్నటి మాట అబద్ధమైపోతుంది. పట్నంలో ఫిల్టర్ నీళ్లు తాగే మనిషికి పొయ్యి మీది సంగతులు ఏం తెలుస్తాయి? "నీ ఇష్టమత్తా" అన్నాడు.

ఆ రోజు తెల్లారకముందే గుండిగలు పొయ్యెక్కాయి. ఎసరు మరిగింది, పప్పు పొంగింది, పొద్దెక్కింది. గరిటెతో తీసి వేళ్ల మధ్య నొక్కితే బద్ద బద్దలాగే ఉంది. ఏళ్ల తరబడి ఆమె పక్కన కూరలు తరిగిన ఖైరున్నీసా కంగారుపడింది.

"వదినా, సోడా ఎయ్యి. ఇప్పుడేసినా అందుకుంటది."

"వద్దు."

"నీ పేరు పోద్ది వదినా. ఇంక ఎవురూ పిలవరు."

సోడా పొట్లం వీరరాఘవమ్మ చేతిలోనే ఉంది. ఒక్క గుప్పెడు చల్లితే చాలు, పేరు నిలబడుతుంది. కానీ వాడి మాట కూడా నిలబడుతుంది. పొట్లాన్ని తీసుకుపోయి పొయ్యిలో పడేసింది.

మధ్యాహ్నం విస్తళ్లు పరిచారు. అధికారులు మొదటి వరసలో కూర్చున్నారు. నెయ్యి వేసి కలపబోతే పప్పు అన్నంలో కలవకుండా పక్కకు దొర్లింది. రాజుపాలెం నుంచి వచ్చిన పెద్దాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అక్కడే ఉమ్మేశాడు.

"ఏందమ్మా ఇది, గులకరాళ్లు వడ్డిస్తన్నావా?"

వెంకటకృష్ణ మొహం కందగడ్డలా చేసుకుని వచ్చాడు. "పరువు తీశావత్తా. ఏంది ఈ వంట?"

"పొద్దుట్నుంచి మంట ఆపలా అబ్బాయ్. కంది నీదే, కట్టెలు నీవే, నీళ్లూ నీ గుంటయే. ఇంకేం చెయ్యమంటావో చెప్పు."

అందరి చేతులూ విస్తళ్ల మీద ఆగిపోయాయి. అధికారులు తలెత్తి చూస్తున్నారు. వెంకటకృష్ణకు ఒళ్లు తెలియలేదు. గుంట పని చూసే సూపర్‌వైజర్ మీద విరుచుకుపడ్డాడు.

"ఆ నీళ్లు పారబొయ్యండ్రా. అయి వంటకు గూడా పనికిరావు. కాలవ నీళ్లు తెప్పించండి."

అనేశాక గానీ తను ఏమన్నాడో తెలిసిరాలేదు. వీరరాఘవమ్మ గరిటె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పు అబ్బాయ్. ఆఫీసరుగారికి వినపడిందో లేదో."

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు లేచింది. తర్వాత జరిగిన సభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ వెంకటకృష్ణ మాటే వెంకటకృష్ణకు వినిపించారు. అధికారులు రాసుకున్నారు. రెండో గుంట అనుమతి ఆగింది.

వీరరాఘవమ్మ పేరు కూడా పోయింది. మొన్నటిదాకా ఆ నీళ్లతోనే బాగా వండింది గదా, ఇప్పుడు ఆమె చెయ్యి పాడైందని ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. చిన్న బారసాలకు కూడా ఎవరూ పిలవలేదు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. మిరప కోతలకు పోతూ బతుకుతోంది. దారిలో వెంకటకృష్ణ కారు కనిపిస్తే మాత్రం పక్కకు తప్పుకోదు. నడిరోడ్డు మీద తాపీగా నడుస్తుంది. అతనే కారు నెమ్మది చేసుకోవాలి.

ఈమధ్య సూపర్‌వైజర్ ఆమె గడపలోకి వచ్చాడు. రెండో గుంట కోసం మళ్లీ సభ పెడుతున్నారట. ఈసారి నరసరావుపేట నుంచి వంటవాళ్లు వస్తారట. గొడవ చెయ్యకుండా వచ్చి భోంచేసి పొమ్మని సారు చెప్పమన్నారట.

"వంటకు నీళ్లెక్కడియి?" అని అడిగింది వీరరాఘవమ్మ.

"కాలవ నీళ్లేనమ్మా. ట్యాంకర్ వస్తది."

"అయితే తప్పకుండా వస్తా. ఆ ట్యాంకర్ని ఆఫీసర్ల కుర్చీలకు ఎదురుగ్గా నిలబెట్టమని మీ సారుతో చెప్పు. లేకపోతే నేనే నిలబెట్టిస్తా."