ఖాజా భాయ్ గాలి రేకు, నేను ఆడిన అబద్ధం

నిన్న పొద్దున మిర్యాలగూడ రోడ్డు మీద లారీ టైరు మారుస్తుంటే ఫోన్ వచ్చింది.

"ఖాజా భాయ్ పోయిండే" అన్నాడు ఆయన తమ్ముడు.

ఛాతీలో నొప్పి అన్నాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

స్పానర్ చేతిలోనే ఉంది. ఏం చేయాలో తోచక మళ్లీ నట్లు బిగించడం మొదలుపెట్టాను. బిగించిన వాటినే మళ్లీ బిగించాను.

మధ్యాహ్నం జనాజాలో అందరికంటే వెనక నిలబడ్డాను.

సాయంత్రానికి మన లారీల గ్రూపులో, ఫేస్‌బుక్‌లో ఒకటే పోస్టులు. "మట్టిలో మాణిక్యం." "మన జిల్లా సైంటిస్ట్." "జీనియస్."

మనిషి బతికి ఉన్నప్పుడు ఈ మాటలన్నీ ఎక్కడ దాచుకున్నారు? షెడ్డు ముందు నుంచి పోతూ "గాలి ఖాజా" అని కేకలు వేసింది మీరే కదా?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఖాజా భాయ్‌ది నార్కట్‌పల్లి హైవే పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డు. చదివింది ఏడో తరగతి. కానీ లారీ ఎందుకు అంత డీజిల్ తాగుతుందో ఆయనకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు.

క్యాబిన్ కంటే వెనక కంటైనర్ ఎత్తుగా ఉంటుంది. ఆ గోడకు గాలి కొట్టి బండిని వెనక్కి లాగుతుంది. క్యాబిన్ మీద వంపు తిరిగిన రేకు బిగిస్తే గాలి పైనుంచి జారిపోతుంది.

ఇదే ఆయన చెప్పేది. ఇంతే.

ఒకరోజు భాభీ కుట్టు డబ్బాలోంచి ఎర్ర ఊలు దారాలు తెచ్చి, ముక్కలు చేసి, నా లారీ అంతా టేపుతో అంటించాడు. నల్లగొండ రోడ్డు మీద నన్ను అరవైలో నడపమన్నాడు. తను బైక్ మీద పక్కనే వస్తూ దారాలు చూశాడు.

చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లు "లారీకి పెండ్లి జేస్తున్నవా భాయ్?" అని పగలబడి నవ్వారు.

ఆయన వినిపించుకుంటేగా. బండి ఆపించి, క్యాబిన్‌కూ కంటైనర్‌కూ మధ్య సందులో చెయ్యి పెట్టి చూపించాడు.

"గీడ సూడు యాదీ. బండి నడుస్తుంటే అన్ని దారాలు ఎనకకు పోయినయి, గివి మాత్రం గుండ్రంగ తిరిగినయి. గాలి గీడ చిక్కుకున్నది. గిదే మన డీజిల్ తాగుతాంది."

రేకు చేసి బిగించాక మళ్లీ దారాలు కట్టాం. సందులో తిరగడం చాలా తగ్గిపోయింది. ఈసారి బండి వేరే డ్రైవర్‌కిచ్చి, ఆయన బైక్ వెనక కూర్చుని నా కళ్లతో చూశాను. ఎదురుగాలిలో గేరు దించాల్సిన చోట దించకుండానే పోయాను.

ఖాజా భాయ్ హైదరాబాద్ పోయి, ట్రైలర్లు తయారు చేసే ఒక కంపెనీ ఇంజనీర్‌ను కలిసి వచ్చాడు. ఆ రేకుతో ఏడాది పాటు నడిచిన బండిని తెచ్చి చూపిస్తే మాట్లాడదాం అన్నాడట ఆ ఇంజనీర్.

అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఒక్క ఏడాది యాదీ. రేకు తియ్యకు. గింతే అడుగుతున్న."

"తియ్య భాయ్. మాటిస్తున్న" అన్నాను.

రెండు నెలలకు దసరా వచ్చింది.

దసరాకు మనం బండి కడిగి, క్యాబిన్ మీద పేరు బోర్డుకు బంతిపూల దండ వేస్తాం కదా. నా బోర్డు మీద ఉండేది బాపు పేరు. రేకు కోసం ఆ బోర్డు తీసేసి, పేరు రేకు మీదే రాయించాం. అది ఆకాశం వైపు వాలుగా ఉండేసరికి దండ నిలవలేదు. వేసినప్పుడల్లా జారిపోయింది.

"మీ బాపు పేరు మొగులును సూసుడేందిరా? మంది సూడొద్దా?" అంది అమ్మ. చిన్నాయన తల ఊపాడు. పక్కింటివాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు.

గంటలో రేకు ఊడదీసి పాత బోర్డు నిలబెట్టాను.

బాపు మీద గౌరవంతో తీశానని చెప్పుకున్నాను. నిజానికి నలుగురూ నవ్వుతున్నారని సిగ్గుపడి తీశాను.

ఖాజా భాయ్‌కి చెప్పలేదు. నార్కట్‌పల్లి తప్పించుకుని వేరే దారుల్లో తిరిగాను. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "మస్తు నడుస్తాంది భాయ్, ఫికర్ జెయ్యకు" అన్నాను. ఏడాదంతా అదే మాట.

ఏడాది నిండిన రోజు పొద్దున్నే పానగల్‌లో మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. ఇద్దరం లారీలో హైదరాబాద్ పోవాలని. ముందు ఫోన్ కూడా చేయలేదు, అంత నమ్మకం.

వాకిట్లో లారీ మీద పాత బోర్డు నిటారుగా ఉంది. పక్కన బర్రెల ముందు ఆయన రేకు వెల్లకిలా పడి ఉంది. దాంట్లో కుడితి పోస్తున్నాం. పక్కలు కూడా మూసి చేశాడు కాబట్టి తొట్టికి బాగా పనికొచ్చింది.

తిట్టి ఉంటే బాగుండేది.

వంగి, అతుకు మీద వేలు పెట్టి ఆ చివర దాకా తడిమాడు.

"నీళ్లు యాడ కారుతలేవు గద?"

"లేదు భాయ్."

"ఆ. వెల్డింగ్ మంచిగనే జేసిన."

చాయ్ తాగమన్నా ఆగలేదు. బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసుకుంటూ బతికాడు. ఎవరైనా గాలి రేకు గురించి కదిలిస్తే "నాకు ఎర్కలేదు" అనేవాడు.

ఇప్పుడు హైవే మీద నిలబడి చూడండి. కొత్త కంటైనర్ బండ్లలో ఎన్నిటికో నెత్తిన ఆ వంపు ఉంది. కంపెనీ నుంచే వస్తోంది, దానికో ఇంగ్లీషు పేరు కూడా ఉంది. అందుకే ఎవరికీ నవ్వు రావడం లేదు. అప్పుడు నవ్విన ఓనర్లే ఇప్పుడు "మైలేజ్ కోసం" అని మనకు క్లాసు పీకుతున్నారు.

నిన్నటి నుంచి నన్ను ట్యాగ్ చేసి "నీలాంటి దోస్తు దొరకడం ఆయన అదృష్టం" అని రాస్తున్నారు. దండం పెడతాను, ఆపండి. మీరు ఎన్నేళ్లు నవ్వినా ఆయన పని ఆగలేదు. దాన్ని ఆపింది నేను.

ఖాజా భాయ్, నిన్న నీ మీద పిడికెడు మట్టి వేసేందుకు ముందుకు రావడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు. మాఫ్ చెయ్యమని అడగను.

అక్కడైనా మాట మీద నిలబడే ఒక్క దోస్తు నీకు దొరకాలి. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.