సబ్బు మీద మూడో కన్ను

పొద్దున ఏడూ నలభైకి నారాయణఖేడ్ బస్టాండులో కండక్టరు దిగి, "హైదరాబాద్, హైదరాబాద్" అని అరిచాడు. బస్సులో నా పక్కన కూర్చున్న పాతికేళ్ల అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, తెర మీద ఒక సబ్బు అట్టకు అరచేయి, అందులో కన్ను, చుట్టూ చంద్రవంకలు గీస్తోంది.

"గిది ఏ దేవత కన్ను బిడ్డా?" అని అడిగాను.

"ఏ దేవతదీ కాదు అంకుల్. ఇప్పుడు గిదే నడుస్తుంది. సబ్బుకైనా చాయ్‌పత్తాకైనా కన్నో చంద్రుడో పెట్టుమంటుండ్రు. చూస్తే మనసు నిమ్మళమైతదంట."

"నీకైతదా?"

"నాకు మెడ నొస్తది," అని నవ్వింది.

మా అక్క చనిపోయిన వారం అది. దశదినకర్మ ఫ్లెక్సీకి షాపువాడు ఫోన్లో నమూనా పంపాడు. అక్క తల వెనక వెలుగు చక్రం, పైన మబ్బులు, కింద తామరపువ్వు. ముఖం నున్నగా ఎవరిదో అయిపోయింది. అది చూపించి, ఇవన్నీ తీసేయడం వీలవుతుందా అని అడిగాను.

ఆ అమ్మాయి నా ఫోన్లోంచి అసలు ఫొటో తీసుకుని, తెల్లకాగితం లాంటి ఖాళీ రంగు మీద పెట్టింది. రొట్టెలు చేస్తూ, పొగకు ఒక కన్ను మూసుకున్న అక్క.

"బుగ్గకు పిండి అంటింది. తుడవాల్నా?"

"వద్దు, ఉండనీ."

"ఎవల్నో తిడుతున్నట్టుంది అంకుల్."

"నన్నే."

ఆమె దాన్ని నాకు పంపి, మళ్లీ సబ్బు బొమ్మ తెరిచింది. సంగారెడ్డి దాకా ఆ కన్నుకు రెప్పలు గీస్తూనే ఉంది.

ఆ ఫొటోకే ఫ్రేము కట్టించాం. మొదట్లో అందరిలాగే దండ వేశాం. బుగ్గ మీది పిండి దాని కింద దాగిపోతోందని ఇప్పుడు వేయడం లేదు.