దూరదృష్టికి ఊఁ కొట్టిందెవరు?

నాకు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చిన మరుసటి ఏడాది, కోవిడ్ మాస్కులు పక్కన పెట్టిన తొలి వేసవి. వర్జీనియాలో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో స్టాటిస్టీషియన్‌గా పనిచేస్తున్నాను. ఒక పద్ధతి నిజంగా పనిచేస్తోందా, లేక గుడ్డిగా తగులుతోందా అన్నది అంకెలతో తేల్చడం మా వృత్తి. మందుల్ని, మెషిన్లని పరీక్షించాను గానీ, ఒక మనిషి మనోనేత్రాన్ని పరీక్షించమని ప్రభుత్వ గూఢచార విభాగం అడుగుతుందని కలలో కూడా అనుకోలేదు. ఇక్కడి పేర్లు మార్చినవే.

రిమోట్ వ్యూయింగ్ అంటే గదిలో కూర్చుని, ఎన్నడూ చూడని చోటు ఎలా ఉందో మనసుతో చూసి చెప్పడం. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో ఈ ప్రభుత్వమే దాని మీద ఏళ్ల తరబడి డబ్బు పోసి, చివరికి మూసేసింది. మళ్లీ దుమ్ము దులపడానికి కారణం ఒక ఇంజినీరు. విదేశంలో పనిచేస్తూ కిడ్నాపయ్యాడు. వెతికే విమానాలు నది ఒడ్డు ఊళ్ల మీద తిరుగుతున్నాయి. లొరేన్ అనే వ్యూయర్ మాత్రం "కొండలు, రాతి గోడ" అంటోంది. ఆమె పరీక్షలో నెగ్గితే విమానాలు కొండలవైపు మళ్లుతాయి. వారంలో రిపోర్టు ఇవ్వాలి.

పరీక్ష సులువే. ఒక ఫొటోని టార్గెట్‌గా పెడతారు. లొరేన్ దాన్ని చూడకుండా వర్ణిస్తుంది. వినడానికి ఎదురుగా హారిస్ అనే రిటైరైన అధికారి కూర్చుంటాడు. ఆమె మాటల్ని టైపు చేసి, ఏమీ తెలియని జడ్జికి ఇస్తే, ఆయన ఐదు ఫొటోల్లోంచి సరైనది పట్టుకోవాలి. చాలాసార్లు పట్టుకున్నాడు! లెక్క మళ్లీ మళ్లీ చేశాను, తప్పు దొరకలేదు. నాకు ఒళ్లు మండింది.

హారిస్‌కి టార్గెట్ తెలుసన్నదే నా అభ్యంతరం. అదే అడిగితే ఆయన నవ్వాడు. "తెలిస్తే ఏం? నేను నోరు విప్పను. ట్రాన్‌స్క్రిప్ట్ చూసుకోండి." చూశాను. నిజంగానే ఆయన మాట ఒక్కటీ లేదు.

ఆ శనివారం కూరగాయలకు వెళ్తూ, కారులో మా ఆయనకి స్నేహితుల గృహప్రవేశం కబుర్లు చెబుతున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయాను.

"ఏంటి, ఆపేశావ్?" అన్నాడు.

"చీరల గురించి మొదలుపెట్టి, బిర్యానీ గురించే ఇంతసేపు ఎందుకు చెప్పాను?"

"నన్నడుగుతావేంటి? నేను డ్రైవ్ చేస్తున్నా. కామ్‌గా ఉన్నా కదా!"

కామ్‌గా ఎక్కడున్నాడు, మహానుభావుడు! చీరలకి ఉలుకూ పలుకూ లేదు. బిర్యానీ అనగానే "ఊఁ... ఊఁ" అన్నాడు. ఆ ఊఁ వెంబడే నా నోరు పరిగెత్తింది.

సోమవారం రికార్డింగులు తెప్పించుకున్నాను. టైపు చేసేవాళ్లకి ఒక రివాజు ఉంది. చదవడానికి శుభ్రంగా ఉండాలని నసుగుళ్లు, ఊఁలు తీసేస్తారు. హెడ్‌ఫోన్స్‌లో అవన్నీ వినిపించాయి. "చెట్లు..." అంటుంది లొరేన్. నిశ్శబ్దం. "ఏదో ఎత్తుగా..." "ఊఁ." "ఎత్తుగా, ఇనుముతో..." "ఊఁ, ఊఁ." అలా అలా ఆమె టార్గెట్ ఫొటోలో ఉన్న వంతెన దగ్గరికి చేరుతుంది. ఇంజినీరు కోసం చేసిన సెషన్‌లో, నది అన్నప్పుడు మౌనం. కొండ అనగానే ఊఁ.

పరీక్ష మళ్లీ పెట్టించాను, ఈసారి డబుల్ బ్లైండ్. అంటే చెప్పేవాళ్లకీ, వినేవాళ్లకీ టార్గెట్ తెలియదు. లొరేన్ ఎదుట కొత్త మనిషిని కూర్చోబెట్టాం. ఫలితం చీటీలు తీసి చెప్పినట్టే వచ్చింది.

"నన్ను అబద్ధాలకోరు అంటున్నారా?" అని లొరేన్ నిలదీసింది.

"లేదు మేడమ్. మీరే వినండి," అని రికార్డింగు పెట్టాను.

చివరిదాకా వింది. కళ్లు తుడుచుకుంది. "నేను నిజంగా చూస్తున్నాననే అనుకున్నాను. ఇది ఉన్నదున్నట్టు రాయండి," అంది. ఆమె మీద నాకున్న గౌరవం ఆ క్షణం నుంచే.

హారిస్‌కీ ఆ రికార్డింగు వినిపించాను. "ఆ ఇంజినీరు నా శిష్యుడు. కొండల్లోనే దాచారని నాకు మొదటినుంచీ అనుమానం," అన్నాడు. తన అనుమానాన్నే ఆమె నోట విని, సాక్ష్యం దొరికిందనుకున్నాడు పాపం.

మా బాస్ "ఇంకా పరిశోధన అవసరం అని రాద్దాం" అన్నాడు. ఆ గోడ మీద పిల్లివాటం నాకు పనికిరాదన్నాను. ఆ ఒక్క వాక్యం ఆసరా చేసుకుని విమానాలు మళ్లిస్తే? "ఈ పద్ధతి పనిచేయదు" అని రాసి సంతకం పెట్టాను. భయం లేదని చెప్పను. లొరేన్ చెప్పిందే నిజమై, అతను కొండల్లోనే ఉంటే ఆ ప్రాణం నా మెడకి చుట్టుకునేది.

విమానాలు నది మీదే ఉండిపోయాయి. కొన్ని వారాలకి ఒడ్డున ఒక పాత గోడౌన్‌లో అతను ప్రాణాలతో దొరికాడు. ఆ కబురు నాకు హారిసే ఫోన్ చేసి చెప్పాడు. "వాడు ఇంటికొచ్చాడు. నా మాటే చెల్లి ఉంటే..." అని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

మోసగాళ్లని పట్టడానికే పరీక్షలనుకునేదాన్ని. ప్రాణం పెట్టి ప్రేమించే మంచివాళ్లకే అవి ఎక్కువ అవసరమని ఆ కేసు నేర్పింది. గర్వంగా ఉందా అంటే, ఉంది, చాలా! ఎవరి ముఖమూ చూసి అంకెలు మార్చలేదు. ఆ ఇంజినీరుకి నేనెవరో తెలియదు. అతని భార్యకి తెలియదు. ఇంట్లో ఇద్దరూ కలిసి భోంచేస్తున్నారు, నాకది చాలు.