నాపరాయి మీద వెలగపళ్ళు

పానకంలో వెలగపండు గుజ్జు కలపడం గురజాలలో మా వీధికి నేర్పింది నేనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఇప్పుడు ఎవరెవరో అది తమ ఇంటి ఆచారమని చెబుతుంటే పైకి ఊరుకుంటాను గాని, లోపల ఒళ్ళు మండుతుంది.

అవి యుద్ధం రోజులు. నేను కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. శ్రీరామనవమి పందిట్లో పానకం కలిపేది ఎప్పుడూ మా అత్తే. ఆమె పానకమంటే పక్క వీధుల వాళ్ళు కూడా చెంబులు పట్టుకొని వచ్చేవాళ్ళు. ఆ ఏడు బజారులో బెల్లానికి కరువొచ్చింది. మామగారు ఊళ్ళు తిరిగి తెచ్చిన బెల్లం సగం గంగాళానికి కూడా చాలదు. దాని ముందు కూర్చొని అత్త, "ఈ నీళ్ళ పానకం పోసి ఏం మొహం పెట్టుకొని నిలబడేది?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చానా గట్టి మనిషి ఆమె. ఆమె కంట నీళ్ళు చూసేసరికి నా ప్రాణం ఊరుకోలేదు.

"వెలగపళ్ళ గుజ్జు కలుపుదాం అత్తా. ఎండాకాలం మా అమ్మ చేసేది. ఉన్న బెల్లంతోనే చిక్కగా వస్తది" అన్నాను.

"ఏందే, దేవుడికాడ కూడా నీ కొత్త పోకడలేనా?"

"వినాయకుడికి పెట్టే పండేగా! రాముడికి పనికిరాకుండా పోయిందా?"

మామగారు అటు తిరిగి నవ్వుకున్నారు. అత్త మాత్రం నవ్వలేదు. "చెడిందంటే వీధి మొత్తానికీ నువ్వే జవాబు చెప్పుకో" అంటూ లేచిపోయింది. అంటే ఒప్పుకున్నట్టే.

ఒప్పించడం ఒక ఎత్తు, చెయ్యడం ఒక ఎత్తు. పానకం నైవేద్యం గదా, దేవుడికి పెట్టకముందు నాలుక మీద చుక్క వేసుకోకూడదు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసినా తప్పే. వెలగపండు సంగతేమో, ఒక్క పచ్చికాయ కలిసినా గంగాళమంతా వగరెక్కుతుంది. పెంకు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. రుచి చూడకుండా, వాసన చూడకుండా పండేదో కాయేదో తేల్చాలి.

దానికి మా అమ్మ పద్ధతి ఒకటుంది. చేలగట్టు మీది చెట్టు నుంచి తెచ్చిన పళ్ళ గంప ముందేసుకొని, వాకిట్లో నాపరాయి మీద ఒక్కొక్కటే మోకాలెత్తు నుంచి వదిలాను. పచ్చికాయ టంగుమని ఎగురుతుంది. పండు టప్పున పడి, ఉన్నచోటే ఉండిపోతుంది. ఎగిరినవన్నీ పక్కన పడేశాను. నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళు ఆగి, "ఏం వదినా, మీ కోడలు పండగపూట బంతులాడతంది?" అని అత్తను ఆటపట్టించారు. అత్త మొహం గంటు పెట్టుకొని లోపలికెళ్ళింది.

పళ్ళు పగలగొట్టి, గుజ్జు నీళ్ళలో పిసికి, పీచూ గింజా లేకుండా పలచటి గుడ్డలో వడగట్టాను. బెల్లం, మిరియాలు, సొంటి, యాలకులు అన్నీ చేతి అంచనా మీదే పడ్డాయి. పందిట్లో పూజ జరుగుతున్నంతసేపూ నాకు ఒక్క మంత్రం చెవికెక్కలేదు. చెడితే నా పేరు పోతుందని కాదు, అప్పటికింకా నాకు పేరెక్కడుంది? పోయేది అత్త పేరు.

నైవేద్యమయ్యాక పూజారి మొదట అత్త చేతిలోనే పోశాడు. తాగింది. నా వంక చూడకుండా అరచెయ్యి మళ్ళీ చాపింది.

జనం చెంబులు నింపుకుంటూ, "ఏం కలిపావమ్మా ఈసారి?" అని అడిగితే, "నన్నడుగుతారేంది? ఆ పిల్లనడగండి" అని చిరాగ్గా అంది. ఆ చిరాకు ఎంత తియ్యగా ఉందో నాకే తెలుసు.

మరుసటి ఏడు బెల్లం దండిగా దొరికింది. ఇక గుజ్జుతో పనేముంది, ఆమె పాత పానకం ఆమె కలుపుకుంటుందిలే అనుకున్నాను. మనసు చివుక్కుమంది. నవమి పొద్దున వంటింట్లో మిరియాలు దంచుతుంటే వాకిట్లో టప్పుమని చప్పుడైంది. తర్వాత ఇంకోటి. తలుపు చాటు నుంచి తొంగిచూశాను. మా అత్త గంప పక్కన పెట్టుకొని, నాపరాయి మీద వెలగపళ్ళు వదులుతోంది. ఒకటి టంగుమని ఎగిరితే విసురుగా అవతల పారేసింది.

నన్ను చూసి, "చూస్తావేందే, వచ్చి పగలగొట్టు" అంది.