సినిమాలో లేని ధోటా

నేను సినిమా పాఠాలు చెప్పే క్లాసులో మొన్న ఒక అమ్మాయి హత్య సీను మీద వ్యాసం రాసి తెచ్చింది. కత్తి కడుపులో దిగడం రెండు సెకన్లపాటు స్పష్టంగా కనిపిస్తుందని రాసింది. ఆ సీనులో అలాంటి షాటే లేదు. పైకి లేచిన చెయ్యి ఉంది, తర్వాత తెరుచుకున్న నోరు ఉంది, అంతే. మళ్ళీ వేసి చూపించాను. "లేదు సార్, నేను చూశాను" అంది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ఆ రోజు క్లాసు పది నిమిషాలు ముందే వదిలేసి, స్టాఫ్ రూములో ఒక్కణ్ణే కూర్చుని చల్లారిన టీ తాగాను.

నేనీ విద్య నేర్చుకున్నది ముంబై దాదర్‌లోని ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో అని సర్టిఫికెట్ చెబుతుంది. అసలు నేర్చుకున్నది మాత్రం ముంబై పక్కనున్న మగ్గాల ఊరు భివండీలో, మా మేనమామ దగ్గర. నాన్న పోయాక అమ్మ నన్ను తన తమ్ముడి దగ్గరికి పంపింది. మామకు అక్కడి నాగావ్ పేటలో ఎనిమిది సాంచాల కార్ఖానా ఉండేది. పవర్‌లూమ్‌ను మావాళ్ళు సాంచా అంటారు. మనిషి మంచివాడే, కోపం వచ్చేదాకా. వస్తే చేతిలో ఏదుంటే అది గాలిలోకి లేచేది. చెంబు, చెప్పు, ఒకసారి పాడుతున్న రేడియో. అత్త ఇంట్లో గాజు సామాను ఉంచేది కాదు, పెళ్ళికి వచ్చిన కప్పులు కూడా చెల్లెలికి ఇచ్చేసింది. నా ఎడమ కనుబొమ్మ మీద గీత మామ విసిరిన తాళంచెవుల గుత్తిది. నెత్తురు చూడగానే ఆయనే ఏడ్చి, ఆయనే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. దారిలో అడ్డం వచ్చిన రిక్షావాడికి కూడా ఒకటి పీకాడు.

ఆయనకు ఫైటింగ్ సినిమాలంటే ప్రాణం. కార్ఖానాకు సెలవు ఉన్నరోజు మధ్యాహ్నం నన్ను నిజాంపురాలోని వీడియో హాలుకు తీసుకుపోయేవాడు. తెరమీద దెబ్బ పడ్డప్పుడల్లా బెంచీ మీద ఆయన మోచెయ్యి నా డొక్కలో పడేది. నా మొదటి సినిమా పాఠం అక్కడే. "కొట్టేటోన్ని సూడకురా, పడేటోన్ని సూడు. ఆడు మంచిగ పడ్తెనే దెబ్బ గట్టిగ తాకినట్టు" అనేవాడు. తర్వాత దాదర్‌లో మా మాస్టారు ఇదే మాటను నాలుగు వారాలు ఇంగ్లీషులో చెప్పారు. సాంచా నడపరాదు గానీ సినిమాలు తీస్తాడట అని చుట్టాలు నవ్వితే, వాళ్ళ నోళ్ళు మూయించి నన్ను కోర్సులో చేర్చింది కూడా మామే.

సంవత్సరం చివర ఒక్క మాట కూడా లేకుండా ఐదు నిమిషాల సినిమా తియ్యమన్నారు. మా కార్ఖానాలో మాటలు ఎటూ వినబడవు, సాంచాల మోత అలాంటిది. వీడియో కెమెరా అద్దెకు తెచ్చి, నూలు చుట్టిన బీముల దొంతర మీద పెట్టి తియ్యడం మొదలుపెట్టాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ధోటా, అంటే మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె. మూరెడు పొడవు కట్టె, రెండు కొసలకీ ఉక్కు మొనలు, లోపల దారం కండె. సాంచా దాన్ని ఈ పక్కనుంచి ఆ పక్కకు కొడుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు అది గాడి తప్పి బయటికి ఎగురుతుంది. మా వాడలో ముందు పళ్ళు లేని మనిషి కనిపిస్తే కారణం ఎవరూ అడిగేవారు కాదు.

మూడోరోజు నేను తీస్తున్నది జగిత్యాల నుంచి వచ్చిన అన్నను. చుట్టం కాదు, జీతానికి పనిచేసేవాడు. అయినా నాకు అన్నే, ఆయన భార్య నాకు వదినే. తెగిన పోగు అతుకుతున్నాడు. బట్ట కొనే బేపారి వెనక్కి పంపిన తాను పట్టుకుని మామ లోపలికొచ్చాడు. బట్ట నిండా చిల్లులు. మామ తిట్టాడు, అన్న ఎదురు చెప్పాడు. మోతలో మాటలు నాకు వినబడలేదు. అన్న మళ్ళీ సాంచా వైపు తిరుగుతుంటే, మామ పక్కన ఆగి ఉన్న సాంచాలోంచి ధోటా తీసి విసిరాడు. ఉక్కు మొన అన్న ఎడమ కంట్లో దిగింది. ఆయన కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారి, తెల్లటి బట్ట మీద పడి, బీము తిరుగుతుంటే బట్టతోపాటే చుట్టుకుపోయింది. మిగతా పనివాళ్ళు ఎవరి సాంచా మీద వాళ్ళు వంగి ఉన్నారు. ఎవరూ చూడలేదు. నేను చూశాను. చూస్తూ ఏం చేశానంటే, కెమెరాను ఆయన మొహం దగ్గరికి తీసుకెళ్ళాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆస్పత్రిలో మామ మిషను తాకిందని రాయించాడు. కన్ను పోయింది. నేను ఆ వారమే దాదర్‌లో కూర్చుని సినిమా అతికించాను. మామ తెరమీదికి వచ్చి ధోటా విసిరేదాకా పన్నెండు సెకన్లు. అది తీసేసి, నడుస్తున్న సాంచా తర్వాత నేరుగా అన్న మొహం పెట్టాను. మామను కాపాడాలన్న ఆలోచన అప్పటికి లేదు, ఒట్టు. అలా పెడితే ఒళ్ళు జలదరించింది, అందుకే పెట్టాను. మాస్టారు రెండుసార్లు వేయించుకుని చూసి, నా భుజం తట్టారు. ఆ సంతోషంలో అసలు క్యాసెట్ మీదే తర్వాతి పాఠం కోసం పూల మార్కెట్ షూట్ చేశాను, ఆ పన్నెండు సెకన్లూ చెరిగిపోయాయి.

అప్పుడు వదిన పంచాయితీ పెట్టించింది. ఆమె అడిగింది ఒకటే. "నా మొగని కన్ను తీసింది నువ్వేనని నీ నోటితోని నలుగుట్ల చెప్పు" అంది మామతో. ఎందుకంటే ధోటా ఎగిరి కన్ను పోయిన మనిషికి చూసుకుని పని చెయ్యలేదన్న పేరు పడుతుంది, తర్వాత ఏ కార్ఖానాలోనూ సాంచా ఇవ్వరు. మామ ఒప్పుకుంటే పోలీస్ స్టేషను. నేను క్యాసెట్ తీశానని వాడలో అందరూ ఎరుగుదురు. పెద్దమనుషులు తెమ్మన్నారు. ఆదివారం పొద్దున టీవీ ముందు పదిమంది పెద్దలు, ఓ పక్క కంటికి కట్టుతో అన్న, ఇంకో పక్క తల వంచుకుని మామ. అత్త వాకిట్లో నిలబడి నా మొహమే చూస్తోంది. నేను అతికించిన సినిమా వేశాను.

సాంచా నడిచింది. మొహం వచ్చింది. ఒక పెద్దాయన ముందుకు వంగి, "ఎగిరింది, సూసిన్రా? ధోటా ఎగిరింది" అన్నాడు. ఇంకొకాయన "కుడి దిక్కుకెల్లి ఒచ్చింది" అన్నాడు. మళ్ళీ వేయమన్నారు, మూడుసార్లు వేశాను. మూడోసారికి పదిమందీ దాన్ని చూశారు. జీవితమంతా ధోటాలు ఎగరడం చూసిన కళ్ళు, లేని చోట కూడా చూసుకున్నాయి. బట్టలు కుట్టేవాళ్ళకో కుండలు చేసేవాళ్ళకో అది కనిపించేది కాదు.

వదిన నా దగ్గరికొచ్చింది. "తమ్మీ, నువ్వు ఆడనే ఉంటివి గద. కండ్లతోని సూసింది నువ్వు చెప్పు."

"క్యాసెట్ల ఏమున్నదో గదే వదినా" అన్నాను.

పెద్దలు మిషను తప్పేనని తేల్చారు, ఆమె అన్నను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆ సాయంత్రం మామ నా కంచంలో తన చేత్తో కూర వడ్డించాడు. నేను కంచం వదిలేసి లేచిపోయాను.

తర్వాత నేను ముంబైలో పనిలో పడ్డాను. తొమ్మిదేళ్ళకు మామ పోయాడు. పదకొండో రోజు దాటగానే అన్నను వెతుక్కుంటూ భివండీ పక్కనున్న కాశేలి వెళ్ళాను. అక్కడ ఒక గోదాము గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. వదిన ఊరికి వెళ్ళిందట. స్టూలు నాకిచ్చి, తాను ఇటుకల మీద కూర్చున్నాడు. మామ పోయిన సంగతి చెప్పాను. చాలాసేపు తల ఊపాడు.

"మనసుల ఒకటి ఉండె తమ్మీ. ఆయన ఉన్నప్పుడే చెప్పకపోతి" అన్నాడు. "ఆయన మీద ఒట్టిగనే నింద ఏసిన. నొప్పిల ఏదో సూసిన అనుకున్న. ధోటానే ఎగిరె గద, నీ సినిమాల నేను గూడ సూసిన."

ఇక ఆపుకోలేకపోయాను. "లేదన్నా, మామనే కొట్టిండు. ఆ ముక్క నేనే కోసేసిన" అన్నాను.

అన్న నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఊకో తమ్మీ. సచ్చిపోయినోని మీద గట్లంటరా? నా కోసం నువ్వు అవద్దమాడకు."

మళ్ళీ చెప్పాను. చెయ్యి ఎలా లేచిందో, ఎన్ని అడుగుల దూరమో, ఏ సాంచాలోంచి తీశాడో అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, పాపం ఈ పిల్లాడికి మేనమామ పోయిన దుఃఖంలో మతి చెదిరిందన్నట్టు టీ తెప్పించాడు. లారీ వస్తే లేచి గేటు తీశాడు, కన్ను లేని వైపు నుంచి ఇంకేదైనా వస్తోందేమోనని తల పూర్తిగా అటు తిప్పి చూసుకుని. ఆ పన్నెండు సెకన్లను తీసెయ్యడానికి నాకు ఒక్క నిమిషం చాలింది, తిరిగి పెట్టడానికి తొమ్మిదేళ్ళ తర్వాత వెళితే వాటికి చోటే లేకుండా పోయింది.