పెన్న ఇసుకలో చైనా పండగ

రెండువేల మూడు, జూన్ మొదటి వారం. బళ్ళు ఇంకా తెరవలేదు. కర్నూల్లో మా ఇంటికి మాలిని ఫోన్ చేసింది.

"మా పండగ వస్తాంది సుజాతా. ఈ తూరన్నా అవ్వను ఏటికాడికి పిల్చుకపోవల్లని ఉండాది. నేను చెప్తే వినదు. నువ్వుంటే వస్తాదేమో," అంది.

మాలిని అసలు పేరు మేలిన్. కడపలో బళ్ళో చేర్చినప్పుడు అయ్యవారు మాలిని అని రాసుకున్నారు, అదే నిలిచిపోయింది. వాళ్ళది చైనా కుటుంబం. తాత పెళ్ళయిన కొత్తలో భార్యను వెంటబెట్టుకుని కలకత్తాలో ఓడ దిగాడు. ఊరూరా తిరిగి పళ్ళు కడుతూ, చివరికి కడపలో స్థిరపడ్డాడు. ఇప్పుడు మాలిని తండ్రిదీ అదే పని, మాలిని ఆయనకు సాయం. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో నాదీ మాలినిదీ ఒకే గది. ఇంత స్నేహం ఉండీ వాళ్ళ పండగ ఒక్కటీ చూడలేదు. వెంటనే వస్తానన్నాను.

బుధవారం తెల్లారి ఆరు గంటలకు కర్నూలు బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు వంద రూపాయల లోపే. నంద్యాలలో బస్సు కాసేపు ఆగితే ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఆళ్ళగడ్డ దాటాక రెండు పక్కలా దున్ని వదిలేసిన నల్లరేగళ్ళు, వాన కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. పక్క సీట్లో మైదుకూరు దాకా వచ్చిన బట్టల వ్యాపారి, ఎవరింటికని అడిగాడు. చెప్పాను.

"చైనా డాక్టరింటికా? మా నాయనకు పండ్లు కట్టింది వాళ్ళ పెద్దాయనే కదమ్మా. పోయేదాకా వాటితోనే శనగలు నమిలినాడు," అన్నాడు. తర్వాత, "వాళ్ళకూ పండగలుంటాయా?" అని అడిగాడు. చూసి చెప్తానన్నాను.

చెన్నూరు వంతెన మీంచి పెన్న కనిపించింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇసుకే. పదకొండున్నరకు కడపలో దిగాను.

ఇంట్లో అడుగు పెట్టేసరికి వంటింటి నుంచి ఉడుకుతున్న అరటాకు వాసన వచ్చింది. అవ్వ పీట మీద కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, నేత చీర, తెల్లజుట్టు చిన్న ముడి. ఆకును గరాటులా మడిచి, అందులో నానబెట్టిన బియ్యం పోసి, మధ్యలో పప్పు పెట్టి, మూడు మూలల పొట్లంగా చుట్టి అరటినారతో కడుతోంది. ఆ బియ్యం మామూలువి కావు, ఉడికితే బంకలా అతుక్కుంటాయి. కలకత్తా చుట్టాలు పంపిస్తారట.

"రా పాపా. నీకని వేరే కుండ పెట్టినా. దాంట్లో పెసరపప్పు, చెనిగ్గింజలే. మాంసం గరిటె దాంట్లో పెట్టలే," అంది. మాది శాకాహారుల ఇల్లని ఆమెకు గుర్తుంది.

నేను కట్టిన పొట్లం నీళ్ళలో వేయగానే విడిపోయింది. మాలిని తండ్రి నవ్వుతూ తనదీ చూపించాడు. అదీ విడిపోయింది.

ఇది వాళ్ళ ఐదో నెల ఐదో రోజు పండగ. మన లెక్కలో జ్యేష్ఠ శుద్ధ పంచమి దగ్గర పడుతుంది. పూర్వం ఒక మంత్రి ఉండేవాడట. రాజు తన మాట వినక దేశం చేజారిపోతే, తట్టుకోలేక నదిలో దూకాడు. జనం పడవలేసుకుని వెతికారు. దొరకలేదు. చేపలు ఆయన్ను ముట్టకుండా వాటికి అన్నం మూటలు వేశారు. అవ్వ ఇది చెప్తుంటే, తనకు తెలిసినవాళ్ళ సంగతి చెప్తున్నట్టే ఉంది.

"మీరూ ఏట్లో వేస్తారా అవ్వా?" అని అడిగాను.

ఆమె ఇంకో ఆకు మడవసాగింది. మాలిని తండ్రి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు ఏటా జట్కా కట్టించుకుని పెన్న దగ్గరికి పోయేవాళ్ళు. చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది అంతా మారిపోయింది. ఊరు దాటాలంటే పోలీసుల అనుమతి కావాలి. పిలిచినప్పుడల్లా స్టేషన్లో కనబడాలి. ఒకరోజు తెల్లవారి చూస్తే వాళ్ళ పళ్ళ ఆసుపత్రి బోర్డు నిండా పేడ. ఆ రోజుల నుంచి పండగంటే తలుపులు వేసుకుని ఇంట్లో బేసిన్ నీళ్ళలో ఒక పొట్లం వదలడమే. అనుమతుల కాలం ఎప్పుడో పోయింది, తాత కూడా పోయాడు. తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

భోజనాలయ్యాక మాలిని ఏటికి పోయే మాట కదిపింది. "ఇంట్లోనే కానీమ్మా," అంది అవ్వ. "నలుగురూ చూస్తే, ఏందేందో అంటారు."

"నేను చూడాలనే కర్నూలు నుంచి వచ్చినాను అవ్వా," అన్నాను.

ఆమె నా ముఖం చూసి లోపలికి పోయింది. రాదనుకున్నాం. కాసేపటికి ఉతికిన చీర కట్టుకుని వచ్చి, పొట్లాల గంప మాలిని చేతికిచ్చింది.

నాలుగున్నరకు ఆటోలో చెన్నూరు చేరాం. అక్కడ ఏటి నడుమ ఒకామె ఇసుకలో చెలమ తీసుకుని, ఊరిన నీళ్ళు చిప్పతో బిందెలోకి తోడుతోంది. నీళ్ళన్నవి అక్కడే ఉన్నాయి. అవ్వ మెల్లగా వంగి, పొట్లం ఆ గుంతలో వేయబోయింది.

"దాంట్లో ఏయొద్దు మా. తాగే నీళ్ళు," అంది ఆమె.

అవ్వ చెయ్యి అలాగే ఆగిపోయింది. పొట్లం కొంగులో దాచుకుని మాలినితో, "చెప్తినే. పోదాం పా," అంది. ఆమెను బలవంతంగా తీసుకొచ్చి తప్పు చేశామేమో అనిపించింది.

నీళ్ళామె చిప్ప కింద పెట్టింది. "యాడికి పోతాండారు? ఏందో మొక్కుబడి మాదిరుండాది. ఉండండి, వేరే చెలమ తీస్తా," అంటూ నాలుగు బారల అవతల కూర్చుని రెండు చేతులా ఇసుక తోడసాగింది. మాలిని కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పైన కాలే ఇసుక, మోచేతి లోతుకు చల్లబడింది. ఇంకాస్త తోడితే అడుగున తేమ, ఆ తర్వాత మట్టి రంగు నీళ్ళు.

"ఇంతకీ ఎవరికవ్వా ఇది?" అందామె.

మాలిని నోరు తెరవబోయింది. అంతలో అవ్వే చెప్పింది. "మా పండగమ్మా. మా దేశంలో ఒక మంచోడు ఏట్లో పడి సచ్చిపోయినాడు. చేపలు ఆయన్ని తినకుండా బువ్వ ఏస్తాం."

"ఈ ఏట్లో చేపలు యాడుండాయి?"

"వానొస్తే రావా? అప్పుడు తింటాయిలే."

ఆమె నవ్వింది. అవ్వ పొట్లం నీళ్ళలో ఉంచి, కళ్ళు మూసుకుని చాలాసేపు చేతులు జోడించుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఆ భాష మాలినికి కూడా సరిగ్గా రాదు. తర్వాత గంపలోంచి పెసరపప్పు పొట్లం తీసి, రెండు చేతులతో నీళ్ళామెకు ఇచ్చింది. ఆమె అక్కడే విప్పి తింది.

"బాగుండాది. రోంత బెల్లం ఏసింటే ఇంకా బాగుండు," అంది. అవ్వ గట్టిగా నవ్వింది. అంత గట్టిగా నవ్వడం తనెప్పుడూ చూడలేదని మాలిని ఆటోలో నాతో అంది.

మర్నాడు ఏడు గంటలకు నా బస్సు. అందరూ బస్టాండుకు వచ్చారు. ఈ పండగ చూడాలనుకునేవాళ్ళు ఎండ తగ్గాక ఏటికి పోవడం మేలు, ఇసుకలో చెప్పుల్లేకుండా నిలవలేం. అంతకు మించి నేను చెప్పగల సలహా ఏమీ లేదు. తెలియని దేశపు ఆచారం చూద్దామని పోయాను. నాకు మిగిలింది మాత్రం, నలభై ఏళ్ళు నోట్లోనే ఆపుకున్న "మా పండగ" అన్న మాటను అవ్వ ఆరుబయట, ముక్కూమొహం తెలియని మనిషితో అనడం.

బస్సు కదిలే ముందు అవ్వ కిటికీ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ నీళ్ళామె పేరు అడగనే లేదు చూడు పాపా," అంది. "వచ్చే ఏడు పోయినప్పుడు అడగల్ల."